తొమ్మిది రాత్రులు, ఎన్ని ఊళ్ళు?

అక్కా నేనూ కలిసి ఇటలీ వెళ్ళాలని నిర్ణయించుకున్నాక సెలవులు, టికెట్లు, హోటళ్ళు అన్నీ ఒక ఎత్తు, ఎన్ని ఊళ్ళు చూడాలన్న ప్రశ్న ఒక్కటే ఒక ఎత్తు అయింది. మా చేతిలో ఉన్నవి తొమ్మిది రాత్రులు. అక్టోబరు నెల మధ్యలో ఒక గురువారం సాయంత్రం రోమ్‌లో దిగుతాం, పై వారం శనివారం తిరుగు ప్రయాణం. మధ్యలో పూర్తిగా మన చేతిలో ఉండేవి ఎనిమిది రోజులు.

అక్క అప్పటికే ఒక జాబితా రాసేసింది. రోమ్, నేపుల్స్, ఫ్లోరెన్స్, వెనిస్, మళ్ళీ రోమ్. "అంత దూరం వెళ్ళి ఒక్క ఊరు చూసి వస్తామా? మళ్ళీ ఎప్పుడు వెళ్తామో, అసలు వెళ్తామో లేదో" అంది. ఈ మాటకు ఎదురు చెప్పడం చాలా కష్టం. అందులో అత్యాశ ఏమీ లేదు. వయసు, ఆరోగ్యం, డబ్బు, సెలవులు నాలుగూ ఒకేసారి కలిసిరావడం ఎంత అరుదో తెలిసిన మనిషి అనే మాట అది.

నాకు మాత్రం అంతకు ముందు మేమిద్దరం చేసిన ప్రయాణం మనసులో మెదులుతోంది. ఏడు రోజుల్లో పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్ చూసి వచ్చాం. చూశాం అనే అనాలి మరి. కొలోన్ అంటే నాకు గుర్తున్నది రెండే. స్టేషన్ బయటికి రాగానే ఆకాశాన్ని అడ్డుకున్నట్టు నిలబడిన ఆ చర్చి జంట శిఖరాలు, లగేజీ పెట్టడానికి చిల్లర లేక మేము పడిన టెన్షన్. బ్రస్సెల్స్‌లో ఒక రైలు ఆలస్యమై మూడు గంటలు ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నాం. ఆ ఊళ్ళో మేము గడిపిందే మొత్తం ఇరవై గంటలు. వచ్చాక ఫోటోలు తిరగేస్తుంటే "ఇది ఏ ఊరే?" అని అక్క నన్ను అడిగింది. నేనూ చెప్పలేకపోయాను. ఆ క్షణం నాకు నిజంగా బాధేసింది. అంత ఖర్చుపెట్టి, అంత ఆశపడి వెళ్ళిన చోటు పేరు కూడా పోల్చుకోలేకపోతున్నామే అని.

అందుకే ఈసారి వాదించుకోవడం మానేసి లెక్క వేద్దామన్నాను. ఒక పెద్ద కాగితం తీసుకుని రోజుకు మూడు గళ్ళు గీశాం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఎనిమిది రోజులకు 24 గళ్ళు. ఇప్పుడు అక్క జాబితాని ఆ గళ్ళలో సర్దడం మొదలుపెట్టాం.

రోమ్ నుంచి నేపుల్స్‌కి హైస్పీడ్ రైల్లో గంటా పది నిమిషాలు. ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కి రెండు గంటల పైచిలుకు. కాగితం మీద చూస్తే ఇవి ఏమంత ప్రయాణాలు కావు, ప్లాన్ వేసుకునేవాళ్ళు మోసపోయేది కూడా ఇక్కడే. రైలు ఎక్కడం అంటే రైలు ఎక్కడం ఒక్కటే కాదు కదా. ముందు రోజు రాత్రే పెట్టె సర్దుకోవాలి. పొద్దున పది, పదకొండు లోపల గది ఖాళీ చేయాలి. స్టేషన్‌కి అరగంట ముందు చేరాలి. కొత్త ఊళ్ళో దిగాక హోటల్ వెతుక్కోవాలి. మధ్యాహ్నం రెండు, మూడు దాకా గది ఇవ్వరు కాబట్టి పెట్టె అక్కడ పడేసి, చమట బట్టలతోనే ఏదో ఒకటి తిని, ఆ చుట్టుపక్కలే కాలక్షేపం చేయాలి. గంటా పది నిమిషాల ప్రయాణం నిజానికి రెండు గళ్ళు మింగేస్తుంది. మేము పాత ప్రయాణం ఫోటోల మీద ఉన్న టైములు చూసి మరీ సరిచూసుకున్నాం. ఊరు మారిన ప్రతి రోజూ, పొద్దున హోటల్లో తీసిన ఫోటోకీ కొత్త ఊళ్ళో తీసిన మొదటి ఫోటోకీ మధ్య ఆరేడు గంటల ఖాళీ ఉంది.

అక్క జాబితాలో ఊరు మారడాలు నాలుగు. శని, సోమ, బుధ, శుక్ర వారాలు. నాలుగు రెళ్ళు ఎనిమిది గళ్ళు. 24లో 8 అంటే సరిగ్గా మూడో వంతు ప్రయాణం పెట్టెలు మోయడానికే పోతోంది. అంతకంటే దారుణం, రోమ్‌కి మిగిలిన పూర్తి రోజు ఒక్క శుక్రవారం. ఆ ఒక్క రోజులో కొలోసియం, వాటికన్ మ్యూజియంలు రెండూ చూడాలి. ఫ్లోరెన్స్‌కి సోమవారం చేరుతున్నాం. ఉఫీజీ గ్యాలరీ, డేవిడ్ శిల్పం ఉన్న అకాడెమియా రెండూ సోమవారం మూసి ఉంటాయి. అంటే అక్కడా మిగిలింది మంగళవారం ఒక్కటే. ఒక ఊరికి ఒకే రోజు కేటాయించుకున్నప్పుడు ఆ రోజు సెలవైనా, వాన పడ్డా, కడుపునొప్పి వచ్చినా ఆ ఊరు పోయినట్టే. ఎక్కువ రోజులున్నచోట ఇవాళ కుదరకపోతే రేపు వెళ్తాం.

అక్క ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "అయితే రోమ్‌లోనే తొమ్మిది రాత్రులూ ఉందామా?" అని తనే అడిగింది. కానీ ఆ గొంతులో దిగులు నాకు తెలుస్తోంది. వెనిస్ చూడాలన్నది తన చిన్ననాటి కోరిక. దాన్ని గళ్ళ లెక్కతో కొట్టేయడం నాకు ఇష్టం లేదు.

అప్పుడు ప్రశ్న మార్చుకున్నాం. ఎన్ని ఊళ్ళు అని కాకుండా, ఏ ఊళ్ళో నిద్రపోవాలి, ఏ ఊరికి పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చు అని చూశాం. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర. పెట్టె లేకుండా, చేతిసంచీతో వెళ్ళి రావచ్చు. వెనిస్ అలా కాదు. రోమ్ నుంచి దాదాపు నాలుగు గంటలు, రానుపోను ఎనిమిది. పైగా వెనిస్‌కి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళ వల్లే ఆ ఊరు నలిగిపోతోంది. పాత నగరంలో కాపురం ఉండేవాళ్ళు 2022 నాటికి యాభై వేల కంటే తక్కువకు పడిపోయారు. 2024లో అక్కడి నగరపాలక సంస్థ రద్దీగా ఉండే కొన్ని రోజుల్లో పగటిపూట మాత్రమే వచ్చిపోయేవాళ్ళ మీద 5 యూరోల ప్రవేశ రుసుము పెట్టింది. రాత్రి బస చేసేవాళ్ళకి అది లేదు. హోటల్లో రాత్రికి ఇంత అని టూరిస్ట్ పన్ను మాత్రం కట్టాలి. ఊరికి మన వల్ల కలిగే ఇబ్బంది సంగతి కూడా ఆలోచించాలి కదా, ఉంటే అక్కడే ఉందాం అనుకున్నాం.

ఇంకో విషయం దాదాపు చివర్లో తట్టింది. రోమ్‌లో దిగి రోమ్ నుంచే ఎందుకు తిరిగి రావాలి? రోమ్‌లో దిగి వెనిస్ నుంచి బయల్దేరేలా మల్టీ సిటీ టికెట్ చూశాం. కొంచెం ఎక్కువే ఉంది. కానీ వెనిస్ నుంచి రోమ్‌కి ఇద్దరి రైలు టికెట్లు తీసేస్తే ఇంచుమించు సమానమైంది. అక్కడితో ఒక ఊరు మార్పు తగ్గిపోయింది.

ఇక నేపుల్స్. ఇది వదులుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది. దానికి దగ్గర్లోనే, ఒకప్పుడు అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపే నగరం శిథిలాలు చూడాలని అక్కకి గట్టిగా ఉంది. రోమ్ నుంచి ఒక్కరోజులో వెళ్ళి రావచ్చు, కానీ నేపుల్స్‌లో దిగి మళ్ళీ లోకల్ రైలు ఎక్కాలి, ఎండలో గంటల తరబడి రాళ్ళ దారుల్లో నడవాలి, మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలి. అక్క మోకాళ్ళు అందుకు ఒప్పుకోవు. ఫ్లోరెన్సా, నేపుల్సా ఒక్కటే చెప్పమన్నాను. రెండో రోజు రాత్రి "సరే, ఫ్లోరెన్స్" అని మెసేజ్ పెట్టింది. పక్కన ఇంకేం రాయలేదు.

చివరికి కుదిరింది ఇదీ. రోమ్‌లో ఆరు రాత్రులు, మంగళవారం ఫ్లోరెన్స్ వెళ్ళి రావడం, బుధవారం వెనిస్‌కి మారడం, అక్కడ మూడు రాత్రులు. హోటళ్ళు మాత్రం డబ్బు వెనక్కిచ్చేవే బుక్ చేశాను. మనసు మారితే మార్చుకునే వీలుండాలని. రైలు టికెట్లకి అలా కుదరదు. ముందుగా కొంటే చాలా చౌక, కానీ ఆ చౌక టికెట్లకి డబ్బు వాపసు ఉండదు.

రోమ్‌లో మోంటి అనే పేటలో ఉన్నాం. కొలోసియం నడిచి వెళ్ళేంత దూరం. మొదటి రెండు రోజులూ ఎవరైనా చేసేదే చేశాం. శుక్రవారం వాటికన్, శనివారం కొలోసియం. జనం, క్యూలు, మెడలు నొప్పి పుట్టేలా పైకి చూడటం. వాటి గురించి నేను చెప్పేదేముంది.

నాకు రోమ్ దొరికింది ఆదివారం నుంచి. ఆ రోజు వాటికన్ మ్యూజియంలకు సెలవు, మాకు ఏ బుకింగూ లేదు. మూడు గళ్ళూ ఖాళీ. పొద్దున తీరిగ్గా లేచి వీధుల్లోకి వచ్చాం. రోమ్‌లో వీధి వీధికీ నాసోనె అనే పోత ఇనుప కుళాయిలుంటాయి. ముక్కులాంటి గొట్టం నుంచి చల్లటి మంచినీళ్ళు రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటాయి. మేము మూడు రోజులుగా వంగి, దోసిలి పట్టి, చేతులు తడుపుకుంటూ తాగుతున్నాం. ఆ పొద్దున ఓ ఏడెనిమిదేళ్ళ పిల్లాడు మా ముందు వచ్చి, గొట్టం చివరని వేలితో మూశాడు. గొట్టం పైనున్న చిన్న బెజ్జం లోంచి నీళ్ళు విల్లులా పైకి లేచాయి. నిలబడే తాగేసి వెళ్ళిపోయాడు. అక్క వెంటనే తనూ వేలు పెట్టి చూసింది. మొదటిసారి మొహమంతా తడిసింది, రెండోసారి కుదిరింది. ఆ తరవాత ప్రతి కుళాయి దగ్గరా ఆగేది.

మధ్యాహ్నం సాన్ క్లెమెంటె చర్చికి వెళ్ళాం. మా జాబితాలో లేదు, దారిలో తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్ళాం. పైన ఉన్నది 12వ శతాబ్దపు చర్చి. టికెట్ తీసుకుని మెట్లు దిగితే దాని కింద 4వ శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే 1వ శతాబ్దపు రోమన్ కట్టడాలు, ఒక సందు, ఆనాటి రోమన్లు కొలిచిన మిత్రాస్ అనే దేవుడి పూజామందిరం. 1857లో ఇక్కడి మతగురువు జోసెఫ్ ములూలీ తవ్వకాలు మొదలుపెట్టేదాకా కింద ఇంత ఉందని పైన ప్రార్థన చేసుకునేవాళ్ళకి తెలియదు. అడుగు అంతస్తులో గాలి చల్లగా, తడిగా ఉంది. ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. ఒక గోడకి చెవి ఆనిస్తే అది ఇంకా గట్టిగా వినిపించింది. అక్కడ మేము దాదాపు గంట ఉన్నాం. వెనక నుంచి తరిమేవాళ్ళు లేరు, ఎక్కాల్సిన రైలు లేదు. పాత ప్రయాణంలో మేము ఏ చోటా గంట నిలబడిన గుర్తు నాకు లేదు.

సాన్ లూయిజి అనే ఫ్రెంచివాళ్ళ చర్చి సంగతీ చెప్పాలి. అక్కడ కారవాజ్జో గీసిన మూడు పెద్ద చిత్రాలున్నాయి. లోపలికి వెళ్ళడానికి డబ్బు కట్టక్కర్లేదు. శనివారం వెళ్తే మధ్యాహ్నపు విరామం, తలుపులు మూసి ఉన్నాయి. ఆదివారం పొద్దున వెళ్తే ప్రార్థన జరుగుతోంది. సోమవారం మూడోసారి వెళ్ళాం. ఒకే రోజు ఉండేవాళ్ళమైతే మొదటి మూసిన తలుపు దగ్గరే ఆ కథ ముగిసేది. ఎడమ గోడ మీద, పన్నులు వసూలు చేసే మత్తయిని తన శిష్యుడిగా రమ్మని క్రీస్తు పిలుస్తున్న చిత్రం ఉంది. డబ్బాలో నాణెం వేస్తే దీపం వెలిగింది. చిత్రంలో కుడివైపు నుంచి వెలుతురు ఏటవాలుగా వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళ మొహాల మీద పడుతోంది. డబ్బు లెక్కపెట్టుకుంటున్న ఒక కుర్రాడు మాత్రం తలెత్తనే లేదు. కాసేపటికి దీపం ఆరిపోయింది. అక్క ఇంకో నాణెం వేసింది. అలా నాలుగు వేశాం.

అదే సోమవారం వాన మొదలైంది. అందరూ తలదాచుకోవడానికి పరుగెడుతుంటే మేము పాంథియాన్ అనే ప్రాచీన రోమన్ గుడికి నడిచాం, అక్కడికి దగ్గరే. దాని గోపురం వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తు కూడా అంతే. నడినెత్తిన ఆకాశానికి తెరిచిన గుండ్రటి కన్నం. దానికి అద్దం ఏమీ లేదు. వాన అందులోంచి సన్నటి వెండి పోగుల్లా దిగి చలువరాతి నేల మీద పడుతోంది. నేల మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, నీళ్ళు పోవడానికి చిన్న చిన్న రంధ్రాలున్నాయి. తడిసిన చోటు చుట్టూ తాడు కట్టారు. దాని చుట్టూ జనం గుండ్రంగా నిలబడి మాటలు మానేసి చూస్తున్నారు. ఆ వాన మా అదృష్టం. కానీ ఆ అదృష్టం తగలాలంటే ఊళ్ళో ఉండాలి కదా.

మంగళవారం ఫ్లోరెన్స్. పొద్దున్నే రైలెక్కి పదిలోపే అకాడెమియాలో ఉన్నాం. డేవిడ్ ఎత్తు 5.17 మీటర్లని చదువుకునే వెళ్ళాను. అయినా ఆ కుడిచేతి నరాలు చూశాక చదివింది ఏదీ గుర్తు రాలేదు. పెద్ద చర్చి గోపురానికి 463 మెట్లు, అక్క వద్దంది, నేనూ ఎక్కలేదు. ఉఫీజీ ముందే వదిలేశాం, ఒక్క రోజులో రెండు మ్యూజియంలు పెట్టుకోకూడదని. సాయంత్రం ఆరింటికి పొంతె వెక్కియో వంతెన దగ్గరికి వచ్చాం. ఎండ అప్పుడే బంగారు రంగుకి తిరుగుతోంది. ఆర్నో నది మీద, ఆ పాత ఇళ్ళ గోడల మీద ఆ రంగు పాకుతుంటే అక్క గట్టుగోడకి ఆనుకుని నిలబడిపోయింది. మా రైలు ఏడింటికి. ఆరూ ఇరవైకి నేను "అక్కా, పద" అన్నాను. తను ఏమీ అనకుండా వచ్చింది. స్టేషన్ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మా ప్లాన్‌లో అసలు తప్పు మర్నాడు బయటపడింది. బుధవారం పెట్టెలతో వెనిస్ రైలెక్కాం. గంటన్నర తరవాత అది ఎక్కడ ఆగింది? ఫ్లోరెన్స్ సాంత మరియా నొవెల్లా స్టేషన్‌లో. నిన్న సాయంత్రం ఉరుకులు పరుగులతో వదిలేసిన అదే ప్లాట్‌ఫారాలు. రోమ్ నుంచి వెనిస్‌కి వెళ్ళే రైలు దారి ఫ్లోరెన్స్ మీదుగానే. ఆ సంగతి మ్యాపులో రోజూ చూస్తూనే ఉన్నాను, అయినా బుర్రకెక్కలేదు. గళ్ళు లెక్కపెట్టానే గానీ దారి చూడలేదు. మంగళవారం పొద్దునే రోమ్ గది ఖాళీ చేసి, ఫ్లోరెన్స్ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టెలు పెట్టి, రోజంతా తిరిగి, ఆ రాత్రి అక్కడే ఒక గదిలో పడుకుంటే సరిపోయేది. రోమ్ నుంచి రానుపోను మూడు గంటలు మిగిలేవి, ఆ సాయంత్రం పూర్తిగా మాదయ్యేది. ఊరు మార్పు ఒకటి పెరిగినా అది దారిలోని మజిలీ కాబట్టి భారం కాదు. ఇలాంటి ప్రయాణం అనుకునేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే. వెళ్ళి రావాలనుకున్న ఊరు మీ తరవాతి ఊరికి వెళ్ళే దారిలోనే ఉంటే వెనక్కి రావద్దు, అక్కడే పడుకోండి.

వెనిస్‌లో స్టేషన్ తలుపు దాటగానే ఎదురుగా రోడ్డు బదులు గ్రాండ్ కెనాల్ ఉంటుంది. అక్క మెట్ల మీదే కూర్చుండిపోయి చాలాసేపు లేవలేదు. నేనూ లేపలేదు. గది కోసం మూడు వంతెనలు దాటాం, ప్రతిదానికీ మెట్లే. పెట్టె చేత్తో మోయాల్సిందే. ఈ ఊరికి ఒక్క రాత్రి కోసం పెట్టెతో రావడం ఎంత పొరపాటో ఆ మూడు వంతెనల మీదే తెలిసింది.

మధ్యాహ్నం సాన్ మార్కో కూడలి దగ్గర అడుగు తీసి అడుగు వేయలేకపోయాం. అక్క మొహంలో కొంచెం నిరాశ కూడా చూశాను. రాత్రి పదిన్నరకి మళ్ళీ వెళ్ళాం. పగలంతా తోసుకున్న జనం రైళ్ళెక్కి పోయారు. కూడలి అంతా కలిపి ముప్పై మంది ఉంటారేమో. నీళ్ళు గట్టుకి తగిలే చప్పుడు వినిపిస్తోంది. మర్నాడు ఆరున్నరకి లేచి కాలువ పక్కన నిలబడితే, వెనిస్ పని చేసుకుంటూ కనిపించింది. కూరగాయల బుట్టల పడవ, పార్సిళ్ళ పడవ, ఇటుకలూ సిమెంటూ మోసుకెళ్ళే పడవ. గట్టు మీద ఒకతను చక్రాల బండిని వంతెన మెట్ల మీద ఒక్కో మెట్టూ ఎక్కిస్తున్నాడు. పైకి చేరాక ఆగి, నడుం పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ దించడం మొదలుపెట్టాడు. మూడు పొద్దుటలూ అతన్ని చూశాం. మూడో రోజు అతను మాకు చెయ్యి ఊపాడు.

నేపుల్స్ మాట అక్క ఇప్పటికీ అప్పుడప్పుడు ఎత్తుతుంది. పాంపే చూడలేదన్న వెలితి తనకి ఉంది, ఉంటుంది. ఫ్లోరెన్స్ వంతెన దగ్గర నేను "పద" అన్న మాట కూడా మరిచిపోలేదు. మొన్న ఇద్దరం ఫోటోలు చూస్తుంటే ఆ సాయంత్రంది ఒకటి వచ్చింది. ఎవరం ఏ ఊరని అడగలేదు. "ఇంకో పది నిమిషాలు ఉండాల్సింది" అంది అక్క. ఉండాల్సిందే.